ఇందులో మనిషి ఏడీ?



రాత పని మన విచారణల్లో ఎప్పుడో ఒకప్పుడు అందరి నెత్తినా పడుతుంది. గుడి జూబిలీకి సంచిక వేస్తారు, మీ పేట చరిత్ర రెండు పేజీల్లో ఇమ్మంటారు. ఇంట్లో పెద్దవారు ప్రభువునందు నిద్రిస్తే జ్ఞాపకార్థ కార్డు మీద నాలుగు మాటలు కావాలి. క్రిస్మస్‌కు పిల్లలతో వేయించే నాటిక కావాలి, పింఛనుకు అర్జీ కావాలి. అప్పుడు ఊళ్ళో ఉన్న ఎవరో ఒక మేష్టారి దగ్గరకు వెళతాం. ఆ మేష్టారిని నేనే కనుక, నా చేతిలో చెడిపోయిన రాతతోనే ఈ వారం పాఠం మొదలుపెడతాను.

మాది గరివిడి. ఇక్కడ 1950లలో ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలసినప్పటి నుండి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఎందరో పని కోసం వచ్చి స్థిరపడ్డారు. అలా వచ్చి, కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్ళు చెమటోడ్చిన ఒక పెద్దాయన కొన్నేళ్ళ క్రితం చనిపోయారు. నలభయ్యో రోజు పూజకు కార్డు వేయిస్తామని కొడుకు వచ్చి అడిగితే, నేను పావుగంటలో రాసి ఇచ్చాను. 'ప్రేమమూర్తి, కష్టజీవి, మహోన్నత వ్యక్తిత్వం గలవారు, దైవభక్తిపరులు, వారి మరణం కుటుంబానికీ సంఘానికీ తీరని లోటు.' ఇవే మాటలు. చదువుతుంటే నాకే బాగా అనిపించాయి.

ఆయన భార్యకు చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విని, కాసేపు ఊరుకుని, "బాగుంది మేష్టారూ. గానీ ఇందల ఆయన ఏడండి?" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం కోపం వచ్చింది. రాసిన ప్రతి మాటా ఆయన గురించే కదా! కానీ ఇంటికి వచ్చి మళ్ళీ చదువుకుంటే ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ కార్డు మీద ఎవరి పేరు అచ్చు వేసినా సరిపోతుంది. అంతకు ముందు నలుగురికి నేను రాసి ఇచ్చినవీ అవే మాటలు.

మర్నాడు వెళ్ళి, "అమ్మా, ఆయన ఎలా ఉండేవారో చెప్పండి" అని కూర్చున్నాను. ఆమె చెప్పారు. రాత్రి షిఫ్టు దిగి వస్తే నూతి దగ్గర స్నానం చేసేదాకా పిల్లలను తాకనిచ్చేవారు కాదట. నిప్పురవ్వలు పడి చొక్కా చేతులకు చిల్లులు పడేవి, ఆమె ఆదివారాలు వాటిని కుట్టేవారు. చిల్లు లేని చొక్కా ఒక్కటే ఉండేది, అది గుడికి. చదువు రాదు. అయినా పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవారు. పక్కవాళ్ళు పేజీ తిప్పితే తనూ తిప్పేవారు.

ఈ నాలుగు సంగతులే రాశాను. ఒక్క పొగడ్త మాట లేదు. పూజ అయ్యాక గుడి ముందు ఆ కార్డు పట్టుకుని జనం నిలబడిపోయారు. "అవును, పేజీ తిప్పేవాడు" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు.

అదే ఇంటికి ఇంకొక రాత కూడా చెడగొట్టాను. ఆమె పింఛను కోసం అర్జీ రాసి పెట్టాను. నిండుగా ఒకటిన్నర పేజీ. నిరుపేద విధవరాలు, దిక్కులేనిది, దయగల దొరవారు కనికరించాలి అని. అది తిరిగి వచ్చింది. రాదా మరి! ఆయన ఏ రోజున చనిపోయారో అందులో లేదు. ఎన్నేళ్ళు పనిచేశారో లేదు, ఏ నంబరు మీద పనిచేశారో లేదు, ఆమె ఏమి అడుగుతున్నదో కూడా తేటగా లేదు. కార్డులో లేని మనిషి అర్జీలోనూ లేడు. రెండోసారి తేదీలు, నంబర్లు, కోరిక రాసి అర పేజీలో ముగించాను. మొదటిసారి నేను రాసిన అలంకారాల వల్ల ఆమెకు రెండు నెలలు పోయాయి, పోయి వచ్చిన బస్సు ఖర్చులు వేరే.

ఇక్కడ మీలో కొందరికి సందేహం రావచ్చు. అర్జీకి, జీవిత చరిత్రకు నిజాలు కావాలి, ఒప్పుకుంటాం. కథకూ నాటకానికీ అవెందుకు, అవి కల్పనే కదా అని. ఈ మాట నాటిక రాసే మన యువకులు తరచు అంటారు.

మంచి సమరీయుని కథను తీసుకోండి. క్రీస్తునాథుడు చెప్పిన ఉపమానమది. అందులో మనుషులకు పేర్లు లేవు. కానీ దారి ఉంది, యెరూషలేము నుండి యెరికోకు దిగే దారి, విన్నవారందరికీ తెలిసినదే. గాయాల మీద ఏమి పోశాడో ఉంది. సత్రం వానికి ఎంత ఇచ్చాడో ఉంది, రెండు దీనారాలు. 'బోలెడంత ధనమిచ్చాడు' అని లేదు. ఈ ఉపమానాన్ని మనకు అందించిన లూకా, తాను మొదటి నుండి విచారించి రాస్తున్నానని తన సువిశేషం ఆరంభంలోనే చెప్పుకున్నాడు. విచారణ, కల్పన ఒకే పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి.

ఇప్పుడు మన ఇరుగుపొరుగుకు వద్దాం. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టారు. చిన్నతనంలో పదేళ్ళ వయసు వరకు ఆయన చదువు మన పక్కనున్న చీపురుపల్లిలో సాగింది. తండ్రిగారి ఉద్యోగం అక్కడ. తరువాత జీవితమంతా విజయనగరంతో ముడిపడింది. ఆయన 'కన్యాశుల్కం' నాటకం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందరికీ గిరీశం, మధురవాణి గుర్తుంటారు. నాటకం ముందు ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక మాత్రం చదివినవారు తక్కువ. దయచేసి చదవండి.

ఆడపిల్లలను డబ్బు తీసుకుని పెళ్ళి చేసే ఆచారం మీద ఆ నాటకం. విజయనగరం మహారాజా వారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో, అప్పట్లో విజయనగరమూ ఆ జిల్లాలోనిదే, మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన అటువంటి పెళ్ళిళ్ళకు ఒక పట్టిక తయారు చేయించారు. గురజాడ ఆ లెక్క పీఠికలో పెట్టారు. మొత్తం పెళ్ళిళ్ళు 1034. ఏడాదికి సుమారు 344. అయిదేళ్ళ వయసులో పెళ్ళయిన ఆడపిల్లలు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6. ఏడాది వయసు బిడ్డలు ముగ్గురు. ఆ ముగ్గురికి పలికిన వెల 350 నుండి 400 రూపాయలు. పట్టిక సంపూర్ణం కాదని కూడా ఆయనే చెప్పారు.

'ఎందరో పసికందులు బలైపోతున్నారు' అని రాసి ఉంటే మనం అయ్యో అని పేజీ తిప్పేవాళ్ళం. 'ముగ్గురు' అన్నప్పుడు తిప్పలేం.

మరి నాటకంలో ఈ అంకెలు ఎక్కడైనా వినిపిస్తాయా? వినిపించవు. ఏ పాత్రా నిలబడి 1034 అని ఉపన్యాసం ఇవ్వదు. అక్కడ ఒక ఇల్లు ఉంటుంది. మొదటి కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట్లో ఉంటుంది. చిన్నది సుబ్బిని ముసలివాడికి ఇవ్వడానికి తండ్రి బేరం ఖాయం చేస్తాడు, తల్లి గుండెలు బాదుకుంటుంది. లెక్క పీఠికలో ఉంది, ఇల్లు నాటకంలో ఉంది. లెక్క తెలిసినవాడు కనుకనే ఆ ఇంటిని అంత ధైర్యంగా కట్టగలిగాడని నా అభిప్రాయం. మనం చేసేదేమిటి? వ్యాసంలో అంకెలు వదిలేసి కన్నీళ్ళు పెడతాం, నాటికలో మనుషులను వదిలేసి ఉపన్యాసం పెడతాం. రెండూ తలకిందులు.

ఇంకొక సంగతి. నాటకం పేరు తెచ్చుకున్నాక ఆయన దానిని అలాగే వదలలేదు. 1909లో రెండో కూర్పు వచ్చింది. పన్నెండేళ్ళ తరువాత వచ్చిన ఆ కూర్పు దాదాపు కొత్త నాటకమే. ఈనాడు మనం చదివేది అదే. నేను కార్డు పావుగంటలో రాశానని చెప్పాను కదా, ఆ పావుగంట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మాటల విషయం కూడా చూద్దాం. మన క్రిస్మస్ నాటికల్లో గొల్లవాళ్ళు ఆకాశం చూసి 'ఓహో, ఏమి ఈ దివ్య తేజము!' అంటారు. చీపురుపల్లి సంత దారిలో గొర్రెలు తోలుకెళ్ళే ఏ మనిషీ అలా అనడు. అలాగని నవ్వించడానికి మన ప్రాంతపు మాటను సేవకుడి పాత్రకు, తాగుబోతు పాత్రకు మాత్రమే అంటగట్టడం ఇంకా పెద్ద తప్పు. మా అమ్మ మాట్లాడిన భాష అది, మీ అమ్మ మాట్లాడినది కూడా.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఈ విషయంలో మనకు గురువు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. కొండల మీది సవరలతో మాట్లాడాలని సవర మనుషులను ఇంట్లో ఉంచుకుని, వారి నోట విని ఆ భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం, నిఘంటువులు 1930లలో అచ్చయ్యాయి. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పోరాడినది కూడా ఆయనే. ఆయన పుట్టిన ఆగస్టు 29వ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. చెవి పెట్టి వినడం ఎంత ఓపిక గల పనో ఆయన్ను చూసి తెలుసుకోవచ్చు. ఈ రోజుల్లో ఫోనులో రికార్డు చేసుకునే వీలుంది కనుక మనకు సాకు కూడా లేదు.

ఇక కాళీపట్నం రామారావు గారు. శ్రీకాకుళం జిల్లా మురపాకలో 1924లో పుట్టారు, 2021లో కన్నుమూశారు. మన కతోలికులకు ఆయన పరాయివారు కారు. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూలులో దాదాపు ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పారు. కథలు రాస్తూ రాస్తూ, తాను రాస్తున్నది చాలదనిపించి కొన్నేళ్ళు కలం పక్కన పెట్టేశారు. పేరు వస్తున్న రోజుల్లో రాయడం ఆపడం మాటలు కాదు. తరువాత 1960లలో 'యజ్ఞం' కథ రాశారు.

ఒక పల్లెలో ఒక అప్పు, దాని మీద పంచాయితీ. అంతే కథ. కానీ ఆ ఊరికి రోడ్డు, బడి, వ్యాపారం వచ్చిన కొద్దీ ఎవరు పైకి వెళ్ళారో, ఎవరి భూమి జారిపోయిందో, అప్పు తరం నుండి తరానికి ఎలా దిగిందో ఖాతా పుస్తకం తెరిచినంత స్పష్టంగా కనబడుతుంది. ముగింపు భయంకరం. మన ఇళ్ళలో కొందరు అక్కడ పుస్తకం మూసేస్తారని నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ మూశాను. మూసినా ఆ అప్పు లెక్క తలలో నుండి పోలేదు. 1995లో 'యజ్ఞంతో తొమ్మిది' కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1997లో శ్రీకాకుళంలో ఆయన 'కథానిలయం' నెలకొల్పారు. తెలుగు కథలు అన్నీ ఒక చోట దొరకాలని. గరివిడి నుండి ఎంతో దూరం కాదు. పిల్లలను ఒకసారి తీసుకెళ్ళండి.

ఎవరి కోసం రాస్తున్నామన్నది కూడా ముఖ్యమే. 1923లో పదకొండవ పయస్ పాపుగారు పత్రికా రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించిన ఫ్రాన్సిస్ డి సేల్స్ వారిని తలచుకోండి. ఆయన పేరు మీది సభ గురువులే 1846లో విశాఖపట్నం చేరి మన ప్రాంతంలో సేవ ఆరంభించారు. యువ గురువుగా షబ్లే ప్రాంతానికి వెళితే జనం ఆయన ప్రసంగం వినడానికే రాలేదు. అప్పుడు చిన్న చిన్న కరపత్రాలు రాసి తలుపుల కింద నుండి ఇళ్ళలోకి తోశారు. తలుపు వేసుకుని కూర్చున్నవాడు చదవాలంటే ఎంత తేటగా, ఎంత పొట్టిగా, ఎంత మర్యాదగా రాయాలో ఊహించండి. భక్తి జీవితం మీద ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం కూడా ఒక కుటుంబ స్త్రీకి రాసిన ఉత్తరాల నుండి పుట్టినదే.

మీరు కూడా ఈ ఆదివారం పూజ తరువాత ఇంట్లో పెద్దవారిలో ఒకరి పక్కన కూర్చోండి. వారు చేసిన పని గురించి, కట్టిన ఇల్లు గురించి, పోగొట్టుకున్న బిడ్డ గురించి, వారికి ఏది చెప్పాలనిపిస్తే దాని గురించి అడగండి. సంవత్సరం అడగండి, కూలి ఎంత ఇచ్చేవారో అడగండి, ఆ రోజు ఏమి తిన్నారో అడగండి. పది వాక్యాలు రాయండి. ప్రేమమూర్తి, కష్టజీవి వంటి మాటలు వస్తే కొట్టేయండి. తరువాత ఆ కాగితం పట్టుకెళ్ళి వారికే చదివి వినిపించండి. 'అలాక్కాదురా, ఆ రోజు వాన నేదు' అని వారు అడ్డుపడిన చోట కలం మళ్ళీ తీయండి.