కిటికీ అద్దాలకు పట్టిన గార



బోరు నీళ్లు చింది ఆరిన చోట అద్దం మీద మిగిలే తెల్లటి చుక్క నిజానికి సన్నని రాతి పొర. వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. దారిలో తగిలిన కాల్షియం, మెగ్నీషియం ఖనిజాలను కరిగించుకుని బోరులోకి చేరుతుంది. ఆ నీటికి సబ్బు నురగ కట్టదు, పప్పు ఓ పట్టాన ఉడకదు. అద్దం మీద పడి ఎండకు ఆరినప్పుడు నీళ్లూ ఆ వాయువూ ఎగిరిపోతాయి; కరిగి ఉన్న సున్నం మాత్రం కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే గార కూడా ఇదే.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన సున్నం లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. ఆ పై హద్దులో ఉన్న నీళ్లు 15 లీటర్ల బకెట్‌తో అద్దాల మీద చల్లి ఆరనిస్తే, దాదాపు 9 గ్రాముల సున్నం అంటించినట్టే. అద్దాలు కడిగిన కొద్దీ మసకబారుతున్నాయని చాలా ఇళ్లలో వినిపించే ఫిర్యాదులో ఆశ్చర్యమేమీ లేదు.

విశాఖ దగ్గరి పరవాడ లాంటి చోట గార ఒంటరిగా రాదు. ఒకవైపు సముద్రం దగ్గరే కాబట్టి గాలిలో ఉప్పు ఉంటుంది. మరోవైపు 2,000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ, రోజంతా తిరిగే లారీలు ఉన్నాయి కాబట్టి దుమ్ముకు లోటుండదు. ఈ మూడింటినీ వేరు చేసి చూడకపోతే పని పాడవుతుంది. ఉప్పు మామూలు నీళ్లకే కరిగిపోతుంది. దుమ్ము సంగతి వేరు. అందులోని ఇసుక రేణువు గట్టిదనం మోస్ కొలమానంలో 7, కిటికీ అద్దానిది 5.5 దరిదాపుల్లో, సున్నపు గారది 3. గార అద్దాన్ని గీయలేదు, దుమ్ము గీస్తుంది. పొడి గుడ్డతో గట్టిగా రుద్దేవాళ్లు మరకను వదిలించే లోపే అద్దం నిండా సన్నని గీతలు పెడతారు. ఆ గీతలు ఏ మందుకూ పోవు.

అందుకే మొదటి పని మగ్గుతో నీళ్లు పోసి దుమ్మును జార్చేయడం. తర్వాత అద్దాన్ని తడిగా ఉంచి చూడాలి. తుడవగానే పోయి, ఆరాక మళ్లీ రాని మరక ఉప్పో మట్టో. తడిగా ఉన్నంతసేపు మాయమై, ఆరగానే తిరిగి తేలేది గార. గోటికి గరుకుగా తగిలితే అది ఇంకా అద్దం పైనే ఉందని అర్థం. నున్నగా తగులుతూనే మసకగా కనిపిస్తే, ఏళ్ల తరబడి నిలిచిన తడి అద్దం ఉపరితలాన్నే తినేసిందన్నమాట.

గారకు విరుగుడు పులుపు. బజారులో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 5 శాతం ఉంటుంది; దానికి సమానంగా నీళ్లు కలిపి వాడవచ్చు. గ్లాసు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపినా సరిపోతుంది. నిమ్మకాయ చెక్కతో రుద్దడమూ మంచి పద్ధతే, కాకపోతే తర్వాత బాగా కడగకపోతే జిగురు మిగిలి చీమలు పడతాయి. ఇక్కడ కావలసింది బలం కాదు, వ్యవధి. నిలువు అద్దం మీద చల్లిన పులుపు క్షణాల్లో జారిపోతుంది కనుక, పాత నూలు గుడ్డను అందులో తడిపి మరక మీద అతికించి, పైన పాలిథిన్ కవరు కప్పి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఎండ తగలని వేళ చూసుకోవాలి. తర్వాత మెత్తని స్పాంజితో గుండ్రంగా రుద్ది, పైనుంచి కిందికి కడిగి, రబ్బరు వైపర్‌తో లాగి, పొడి నూలు గుడ్డతో ఆర్చాలి. ముదిరిన గార ఒక్క విడతలో పోదు. రెండు మూడుసార్లు ఇలాగే చేయాలి. మధ్యలో పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా గీకవచ్చు. స్టీలు పీచు, గిన్నెలు తోమే పొడి దగ్గరికి కూడా రాకూడదు.

వెనిగర్‌లో వంటసోడా కలిపి నురగ తెప్పించే చిట్కా ఊరంతా తిరుగుతోంది. ఆమ్లాన్ని క్షారం చంపేస్తుంది. ఆ నురగ చూడ్డానికే. నీలం రంగు గ్లాసు క్లీనర్లు జిడ్డుకు పనికొస్తాయి, సున్నాన్ని కరిగించవు. స్నానపు సబ్బయితే బోరు నీళ్లతో కలిసి తెల్లటి తెట్టు కట్టి ఇంకో పొరను చేరుస్తుంది.

పులుపు అద్దానికి మంచిదే గానీ చుట్టూ ఉన్నవాటికి కాదు. కిటికీ గడపకు చాలా ఇళ్లలో కడప రాయో పాలరాయో వేస్తారు. రెండూ కాల్షియం కార్బొనేటే. గారను కరిగించే ఆమ్లం వాటినీ కరిగించి మెరుపు పోగొడుతుంది. అల్యూమినియం ఫ్రేము మీద నిలిచినా మచ్చ పడుతుంది. కాబట్టి ముందే గడప మీద తడి తువ్వాలు పరిచి, పని కాగానే అన్నిటినీ నీళ్లతో కడగాలి. ఎండను తిప్పికొట్టే పూత ఉన్న అద్దం, ఫిల్మ్ అంటించిన అద్దం అయితే ముందు ఒక మూల పరీక్షించాలి. మూలలో టఫెండ్ ముద్ర ఉన్న అద్దం మీద బ్లేడు అసలు పెట్టకూడదు.

బాత్రూముల్లో వాడే ఘాటు యాసిడ్ ఈ పనికి అక్కర్లేదు. దాన్ని గానీ, చివరికి వెనిగర్‌నైనా గానీ బ్లీచింగ్ పౌడరుతో కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైన నాటి సంగతి ఎరిగిన ప్రాంతంలో విషవాయువు గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తలుపులు తెరిచి, చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని పని చేయాలి. మేడ మీది కిటికీ బయటి వైపు చేయి అందకపోతే వంగి ప్రయత్నించకుండా, పొడవాటి కర్ర ఉన్న వైపర్ వాడాలి. లేదా తాడు, బెల్టుతో వచ్చే పనివాళ్లను పిలవాలి.

ఇంత చేసినా పోని మసకకు సీరియం ఆక్సైడ్ పొడితో పాలిష్ పట్టిస్తారు. అది చేయి తిరిగిన వాళ్ల పని. అయినా లోతుగా తిన్న అద్దానికి ఖర్చు దండగ, కొత్త అద్దం వేయించడమే నయం.

చివరి కడుగుడుకు సున్నం లేని నీళ్లు వాడితే మళ్లీ చుక్కలు పడవు. వేసవిలో ఏసీ గొట్టం నుంచి బొట్లు బొట్లుగా కారి వృథా అయ్యేది గాలిలోంచి దిగిన నీరే. బకెట్‌లో పట్టి గుడ్డతో వడకట్టుకుంటే చాలు. తాగడానికి పనికిరాదు గానీ అద్దాలకు దాన్ని మించింది లేదు. వానాకాలంలో డాబా మీద పట్టిన నీరూ అంతే. చాలా ఇళ్లలో అసలు దోషం మోటారును వేళకు ఆపకపోవడంలో ఉంటుంది: ట్యాంకు నిండి, పొర్లు గొట్టంలోంచి నీళ్లు గోడ వెంట కిటికీ మీదికి దిగుతాయి. ఆ గొట్టానికి ఒక మోచేయి బిగించి పక్కకు తిప్పించడం ప్లంబరుకు అరగంట పని.