సర్ బనీ యాస్ ద్వీపమందలి ప్రాచీన చర్చి

జెబెల్ అలీయందు 1985లో ఫ్రీ జోన్ ఏర్పడెను. నేడా ఊర చర్చిలు, గురుద్వారా, 2022లో తెరచిన హిందూ దేవాలయము చేరువగా నున్నవి. ఇట్టి సహవాసము ఈ దేశమునకు క్రొత్త కాదు.

అబూధాబీకి పశ్చిమమున సర్ బనీ యాస్ ద్వీపమందు 1992లో ఒక క్రైస్తవ మఠము బయల్పడినది. అది క్రీ.శ. 7, 8 శతాబ్దుల నాటిది. ప్రాకారము నడుమ చర్చి, చుట్టును సన్యాసుల గదులు. గోడలు స్థానికమైన సున్నపురాయి, పగడపురాయితో కట్టి గార పూసిరి. గారపై శిలువలు, ద్రాక్షతీగెలు తీర్చిరి. ఇస్లాము వ్యాపించిన పిమ్మటను ఇచ్చట ఆరాధన సాగినది. పడగొట్టిన జాడ లేదు. జనులు విడిచిపోగా ఇసుక కప్పినది.

మన పెద్దలును దొరికిన మట్టితో, కఱ్ఱతో తోటలలో గుడులు కట్టిరి. గుడికి శత్రువు లేకున్నను చాలదు, వచ్చువారు కావలెను. కావున పిల్లలను వెంట తీసికొని రండు, తెలుగు నేర్పుడు.