పేరు చెప్పేముందు గొంతు చూడండి

ఫొటో చూపించగానే ఠక్కున పేరు చెప్పేస్తే తెలివైనవాళ్ళమని పేరొస్తుంది. ఆ తొందర మానాలంటే ఓ వారం తేనెపిట్టల ఫొటోలు ముందేసుకుని కూర్చోండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మునగ పూసినా, పెరట్లో మందారం విచ్చినా ఈ పిట్టలు వాలిపోతాయి. పది సెంటీమీటర్ల ప్రాణి. ఉద్దానం కొబ్బరితోటలో నిలబడి "ఇదేటి పిట్ట?" అనడిగితే "తేనెపిట్ట" అంటారు. నిజమే, కానీ ఏ తేనెపిట్ట? ఫోన్ ఫొటోలో ముందు కంటబడేది వంకర ముక్కు, పసుపు పొట్ట. తేనెపిట్టల్లో పర్పుల్ సన్‌బర్డ్ ఆడపిట్టకీ అవే, పర్పుల్ రంప్‌డ్ సన్‌బర్డ్ ఆడపిట్టకీ అవే. ఇట్టే కనబడిన గుర్తు ఇక్కడ దేనికీ అక్కరకు రాదు. గొంతు చూడండి. గొంతు తెల్లగానో, బూడిదరంగులోనో ఉండి రొమ్ము దగ్గర పసుపు మొదలైతే పర్పుల్ రంప్‌డ్. గొంతు నుంచే లేతపసుపు సాగితే పర్పుల్ సన్‌బర్డ్.

మగపిట్ట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పర్పుల్ సన్‌బర్డ్ మగపిట్ట గూడుకట్టే కాలంలో ఒళ్ళంతా ఊదా, నీలి మెరుపు. అదే పిట్టను నీడలో తీస్తే బొగ్గునలుపు. ఆ కాలం దాటాక ఈకలు మార్చుకుని దాదాపు ఆడపిట్టలా పసుపుపచ్చగా తయారవుతుంది. గొంతు నుంచి పొట్ట మధ్యగా దిగే నల్లచార ఒక్కటే దాన్ని పట్టిస్తుంది. మూడు ఫొటోలు, ఒకటే పిట్ట!

మనుషుల్ని మాత్రం మనం ఒక్క ఫొటోతో తేల్చేస్తాం. ఇంటర్వ్యూలో తడబడిన కుర్రాడు పనికిరాడు, నాలుగురోజులు ముభావంగా ఉన్న కోడలు గర్విష్టి. వాళ్ళని ఏ వెలుగులో, ఏ కాలంలో చూశామో ప్రశ్నించుకోం. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

పోలిక చూసి చుట్టరికం కలపడమూ అంతే. ఆస్ట్రేలియా హనీఈటర్లకీ వంకర ముక్కే, వాటికీ పూలతేనె ఇష్టమే. అయినా అవి వేరే కుటుంబం. తిండి ఒకటి కావడంతో రూపాలు దగ్గరయ్యాయి.

మళ్ళీ ఫొటోల దగ్గరికొస్తే, ముక్కు కెమెరా వైపు తిరిగి ఉంటే దాని పొడవు తెలియదు. పొడుగుముక్కు లోటెన్ సన్‌బర్డ్‌ను పోల్చుకోవడానికి ఆ పొడవు ముఖ్యమైన ఆధారం. అలాంటప్పుడు "ఈ ఫొటోతో చెప్పలేను" అనండి. ఆ మాట అనగలిగినవాళ్ళ మాటనే నేను నమ్ముతాను.

రేపు పొద్దున మందారం దగ్గర పిట్ట కనబడితే పక్కనుంచి ఒకటి, గొంతు కనిపించేలా ఇంకొకటి ఫొటో తీయండి. తేదీ వేయండి. చూసిందంతా రాసుకోండి. పేరు ఆఖర్న రాయండి.