ఎర్ర లైట్ వెలిగితే: మినీ ట్రాక్టర్‌ని డీబగ్ చేయడం

మన మ్యాగజైన్‌లో ట్రాక్టర్ ఏంటి అనుకోకండి. సెమిస్టర్ మొత్తం డీబగ్గింగ్ చేసేవాళ్లకి ఇంతకంటే మంచి ప్రాక్టికల్ దొరకదు.

ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే దారిలో, పాలేరు రిజర్వాయర్ పక్కన కుసుమంచి. అక్కడ మా మామయ్య 20 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌ని కిరాయికి తిప్పుతారు. మామిడి తోటల్లో కొమ్మల కింద దూరాలన్నా, పత్తి సాళ్ల మధ్య అంతరసేద్యం చేయాలన్నా పెద్ద బండి పట్టదు, ఇదే దిక్కు. పత్తి ఏరడం అయిపోయాక, మార్చి, ఏప్రిల్‌లలో దీనికే రోటావేటర్ తగిలించి ఎండిన పత్తి కట్టెని నేలలో కలిపేస్తారు. చిన్న ఇంజన్, పెద్ద బరువు, పైన ఎండ, చుట్టూ దుమ్ము. టెంపరేచర్ లైట్ వెలిగేది అప్పుడే. ఆపితే ఆ చేనుకి ఇంకో బండి వస్తుంది. "లైట్ చూసుకుంటూ కూర్చుంటే కిస్తీ ఎవరు కడతారు అల్లుడూ?" అంటారు మామయ్య. ఆపకపోతే హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు, ఇంకా ముదిరితే పిస్టన్ పట్టేస్తుంది. అప్పుడు సీజన్ మొత్తం పోయినట్టే.

ముందు లెక్క చూద్దాం. డీజిల్‌లో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతే పనిగా మారుతుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ నుంచి పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగాన్ని కూలెంట్ మోసుకెళ్లాలి. 20 హెచ్‌పీ అంటే 15 కిలోవాట్లు కాబట్టి, ఫుల్ లోడ్‌లో రేడియేటర్ 10 కిలోవాట్లకి పైగా వేడిని బయటికి తోయాలి. హాస్టల్ గీజర్లు ఐదు ఒకేసారి వేసినంత! పైగా రేడియేటర్ ఎంత వేడి వదులుతుందనేది కూలెంట్‌కీ గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 95 డిగ్రీలు, గాలి 30 డిగ్రీలు అయితే తేడా 65. ఖమ్మం ఎండలో గాలి 44కి చేరితే తేడా 51. అంటే ఏ పార్టూ చెడిపోకుండానే రేడియేటర్ సామర్థ్యంలో ఐదో వంతు ఎగిరిపోయింది. శీతాకాలంలో బాగా నడిచిన బండి ఏప్రిల్‌లో మొరాయించడానికి సగం కారణం ఇదే.

లైట్ వెలగగానే కీ తిప్పి ఆపేయాలని అందరూ అనుకుంటారు. ఆవిరి రాకపోతే, కూలెంట్ కారకపోతే, ఫ్యాన్ బెల్ట్ తెగకపోతే అది అంత మంచిది కాదు. ఆపితే పంపూ ఫ్యానూ ఆగిపోయి, సిలిండర్ చుట్టూ ఉన్న వేడి అక్కడే ఉండిపోతుంది. రోటావేటర్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, తక్కువ రేస్‌లో కొన్ని నిమిషాలు నడవనివ్వాలి. ఆవిరి కనిపించినా, సూది ఇంకా పైకే పోతున్నా మాత్రం వెంటనే ఆపేయాల్సిందే.

వేడి మీద రేడియేటర్ మూత అస్సలు తీయకూడదు. ఆ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. సుమారు 0.9 బార్ ప్రెషర్ పట్టి ఉంచితే నీళ్లు 100 దగ్గర కాకుండా 118 దాటాకే మరుగుతాయి. మూత తీస్తే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి, లోపలున్న వేడి నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదకి తన్నుకొస్తాయి. పై గొట్టం చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగాలి.

ఇప్పుడు అసలు డీబగ్గింగ్. మొదటి ప్రశ్న: వేడి నిజమా, లైట్ అబద్ధమా? పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయండి. అప్పుడే లైట్ వెలిగి ఆరకపోతే తప్పు కరెంటుదే. చాలా బండ్లలో ఇంజన్ బాగా వేడెక్కితే సెన్సర్ ఆ వైరుని బాడీకి కలుపుతుంది, లైట్ వెలుగుతుంది. వైరు తోలు ఊడి ఇనుముకి తగిలినా జరిగేది అదే. సెన్సర్ దగ్గర వైరు పీకి చూడండి. లైట్ అలాగే ఉంటే వైరే ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరిపోతే వైరు బాగానే ఉంది, ఇక సెన్సర్‌నీ నిజమైన వేడినీ అనుమానించాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఉంటే ఆ రెండింటిలో ఏదో కూడా తేలిపోతుంది.

కొందరు డ్రైవర్లు ఇదే వైరు పీకి, అలాగే వదిలేసి సీజన్ అంతా నడుపుతారు. రెండు నిమిషాలు పీకితే టెస్ట్. మళ్లీ పెట్టకపోతే ఖాళీ క్యాచ్ బ్లాక్. ఎర్రర్ వస్తూనే ఉంటుంది, మనకి కనిపించదు, అంతే. ఇంకోటి కూడా ఉంది. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ చుట్టూ నీళ్లే ఉండవు కాబట్టి, ఇంజన్ కాలిపోతున్నా మీటర్ తక్కువ చూపించొచ్చు. లైట్ రాలేదు కాబట్టి అంతా ఓకే అనుకోవడానికి లేదు.

వేడి నిజమే అయితే, ఎప్పుడు వస్తోందో చూడాలి. లోడ్ మీద మాత్రమే వస్తే గాలి దారి చూడండి. పత్తి దూది, ఎండాకుల పొట్టు ముందు జాలీకి, రేడియేటర్ రెక్కలకి దుప్పటిలా పట్టేస్తాయి. వెనక నుంచి టార్చ్ వేస్తే ఇవతలికి వెలుతురు రావాలి. ఫ్యాన్ గాలిని ముందు నుంచి లోపలికి లాగుతుంది కాబట్టి మనం ఫ్యాన్ వైపు నుంచి ముందుకి ఊదాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. సర్వీసింగ్ గన్‌తో దగ్గర నుంచి నీళ్లు కొడితే రెక్కలు వంగిపోతాయి. నేను చూసినంతలో ఎక్కువ సార్లు దొంగ ఇక్కడే దొరికాడు. అందుకే మామయ్య ఇప్పుడు రెండు గంటలకోసారి జాలీ దులుపుతున్నారు. ఐదు నిమిషాల పని, కిరాయి కూడా పోదు.

ఖాళీగా నడిచినా వేడెక్కితే కూలెంట్ లెవెల్, బెల్ట్ చూడండి. బెల్ట్‌ని బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు దిగాలి, ఇంకా దిగితే జారుతున్నట్టు. పై గొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా రేడియేటర్ లోపల పూడిపోయింది. థర్మోస్టాట్ విప్పి గిన్నెలో నీళ్లు పోసి కాచండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 71 నుంచి 82 మధ్య, అది తెరుచుకోవడం మొదలవ్వాలి. "వాల్ పీకేస్తే పోతుంది" అని షెడ్లలో చెప్పే సలహా నాకు నచ్చదు. అప్పుడు చిన్న పనులకి ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. అసలు పూడిక మాత్రం అలాగే ఉంటుంది.

ఆ పూడిక బోరు నీళ్ల వల్ల. బిందె అడుగున పట్టే తెల్లటి సున్నమే ఇంజన్ లోపల కూడా పడుతుంది. పోత ఇనుముతో పోలిస్తే ఆ పొర వేడిని ఇరవయ్యో వంతు కూడా దాటనివ్వదు. అందుకే కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపాలి. సగం సగం అయితే దాదాపు ఏ బండికైనా సరిపోతుంది.

చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీలా ఉందా? అయితే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం, ఇక మన పని అక్కడితో ఆపేయాలి. మెకానిక్‌కి ఫోన్ చేసి "వేడెక్కుతోంది" అని మాత్రం చెప్పకండి. ఏ పని మీద, స్టార్ట్ చేసిన ఎన్ని నిమిషాలకి, ఏ గొట్టం వేడిగా ఉంది, కూలెంట్ ఎంత తగ్గింది, వైరు పీకితే లైట్ ఏం చేసింది, ఈ ఐదూ చెప్పండి. ఏ స్పేర్లు తేవాలో బయల్దేరే ముందే ఆయనకి ఒక అంచనా వస్తుంది.