గేటు దగ్గర నాలుగో శీలం



ఈ పున్నమి పాఠం మన ఇళ్ళల్లోని పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లల గురించి. రామగిరి మండలం సెంటినరీ కాలనీ నుంచి, గోదావరిఖని నుంచి హైదరాబాద్ పోయి హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళ గురించి. శనివారం రాత్రి ఏదో పబ్బులో బ్యాండు పాడుతుందని తెలుస్తుంది. తెలంగాణలో 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదని చట్టం. అందుకే గేటు దగ్గర కార్డు అడుగుతారు. నలుగురు దోస్తుల్లో ఒకడికి వయసు నిండి ఉంటుంది. మిగిలినవాళ్ళు సీనియర్ కార్డో, పుట్టిన సంవత్సరం మార్చిన ఆధార్ ఫొటోనో చూపించి లోపలికి దూరతారు. "మేం తాగలే, పాట వినడానికే పోయినం" అంటారు. చాలాసార్లు అది నిజమే.

సంగతి ఇంట్లో తెలిస్తే మనం అడిగే మొదటి మాట, "తాగినవా?" అని. నేనైతే "గేటు దగ్గర ఏం చెప్పినవ్?" అని ముందు అడగమంటాను. ఐదో శీలం దాకా పోకముందే, గడపలోనే నాలుగోది పోయింది. అబద్ధమాడనని, మత్తు పదార్థాలు ముట్టనని మనవాళ్ళు మాట ఇచ్చింది ఒకేచోట. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో రెండూ ఉన్నాయి.

దీనికి పిల్లల దగ్గర గట్టి జవాబే ఉంటుంది. "మనల్ని రానియ్యని చోటికి పొమ్మనే కదా బాబాసాహెబ్ నేర్పింది?" అంటారు. ఈ ప్రశ్నను కసిరి పంపొద్దు, కూర్చోబెట్టి మాట్లాడాలి. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువుకు నడిచిన వేలమంది పట్టపగలు, అందరూ చూస్తుండగా, తమ సొంత పేర్లతో నడిచారు. ఎవరి కార్డూ అరువు తెచ్చుకోలేదు. పుట్టుక చూసి ఆపే గేటు వేరు, వయసు చూసి ఆపే గేటు వేరు. మొదటిదాన్ని బద్దలు కొట్టాలి. రెండోది మన బొగ్గుబాయి మీద కూడా ఉంది. 18 నిండనివాళ్ళను గని పనిలో పెట్టుకోకూడదని చట్టం. దాన్ని అవమానం అనుకున్న కార్మికుణ్ణి నేను చూడలేదు.

బాయి మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఐదో శీలంలో మత్తును 'పమాదానికి' తావు అన్నారు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. అదే మాట తెలుగులోకి ప్రమాదంగా వచ్చి ఆపద అయింది. భూగర్భంలో పనిచేసేవాళ్ళకు ఈ రెండర్థాల మధ్య ఎంత దూరముందో చెప్పక్కర్లేదు. దిగేముందు బీడీ, అగ్గిపెట్టె వెతికేది అందుకే. తాగినవాణ్ణి దింపనిదీ అందుకే.

అయితే పాట నేరమా? కాదు. నాట్యం, గానం, వాద్యాలకు దూరంగా ఉండాలనేది ఉపోసథం నాటి అష్టశీలాల్లో వస్తుంది, రోజూ పాటించే పంచశీలాల్లో లేదు. సిగాలోవాద సుత్తంలో గృహస్థుడైన సిగాలుడికి బుద్ధుడు చెప్పింది, ఆట ఎక్కడ, పాట ఎక్కడ, డప్పు ఎక్కడ అని అదే పనిగా తిరగడం వల్ల వచ్చే నష్టం గురించి. అదే సుత్తంలో మంచి మిత్రుడి లక్షణం ఒకటుంది: ఏమరుపాటులో ఉన్న స్నేహితుణ్ణి కాపాడేవాడు. ఆ నలుగురిలో 21 నిండినవాడి పని అది. కార్డు అరువిప్పించడం కాదు, "పాటే కావాలంటే ఇంకోచోట విందాం, పదండి" అనడం. అలా అన్నవాణ్ణి మిగతా ముగ్గురూ ఆ రాత్రి తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

సారిపుత్తుడు, మొగ్గల్లానుడు కూడా కుర్రతనంలో ఇలాంటి దోస్తులే. అప్పటి పేర్లు ఉపతిస్సుడు, కోలితుడు. రాజగృహంలో గుట్టమీద జరిగే జాతరకు కలిసి పోయేవారు. నవ్వేచోట నవ్వారు, ఆటగాళ్ళకు కానుకలిచ్చారు. ఒకరోజు మాత్రం ఇద్దరికీ నవ్వు రాలేదు. ఈ ఆడేవాళ్ళూ చూసేవాళ్ళూ నూరేళ్ళలోపు ఎవరూ మిగలరు కదా అని ఎవరికి వారు అనుకుంటూ కూర్చున్నారు. "ఏమైంది నీకు?" అని ఒకరినొకరు అడిగారు. జాతరకు పోయినందుకు వాళ్ళను బౌద్ధ కథలు తప్పుపట్టలేదు. అక్కడ కూడా వాళ్ళ ఎరుక పోలేదు, అంతే.

ఇక పెద్దల సంగతి. ఏప్రిల్ 14 ఊరేగింపులో డీజే బండి వెనకాల సీసా దాచుకుని ఆడేవాళ్ళు మన కాలనీల్లో లేరా? ఆ పెద్దమనుషులు కొడుకును ఏ ముఖం పెట్టుకుని నిలదీస్తారు? పిల్లలు మనకన్నా బాగా లెక్క చూస్తారు.

వచ్చే పున్నమికి వందన అయ్యాక గంటసేపు పాటకే ఇద్దాం. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు గిటార్ తెచ్చుకుంటే తెచ్చుకోనీ, డప్పు మన దగ్గర ఉండనే ఉంది. వాళ్ళకు నచ్చిన పాటలే పాడనివ్వండి, మధ్యలో లేచి ఉపన్యాసం ఇవ్వకండి. గేటు దగ్గర ఎవరూ కార్డు అడగరు.