పాత మిల్లు నాలుగేళ్ళను అమ్ముకోకు

పర్వత్ పాటియా,
సూరత్.

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

బిడ్డ పెళ్ళి ఖర్చులకని పాత మిల్లు పెన్షన్ డబ్బు తీసేద్దామనుకుంటున్నావట. ఎవరో ఏజెంటు ఫారం 10సి నింపి పెడతానన్నాడని మీ అమ్మ చెప్పింది. ఫోనులో లెక్కలు చెబితే నిలవవు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఆ ఫారం మీద సంతకం పెట్టకు.

భీవండిలో సాంచాలు (మరమగ్గాలు) నడిపినన్నాళ్ళూ నీకు పీఎఫ్ మాటే లేదు. 20 మంది లేని షెడ్డుకు ఆ చట్టం వర్తించదు, మనవాళ్ళలో సగం మంది బతుకు అలాంటి షెడ్లలోనే గడిచిపోయింది. నువ్వు 2015లో డైయింగ్ మిల్లులో చేరాకే ఖాతా తెరుచుకుంది. అక్కడ నాలుగేళ్ళు చేశావు, 2019 నుంచి ఇప్పటి మిల్లులో ఉన్నావు. 2035లో నీకు 58 నిండుతాయి. మధ్యలో ఎక్కడా తెగకపోతే సరిగ్గా 20 ఏళ్ళ సర్వీసు. ఆ 20 అనే అంకె మీద చాలా ఆధారపడి ఉంది.

1995 పెన్షన్ స్కీము లెక్క ఇదీ: చివరి 60 నెలల సగటు పీఎఫ్ జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగిస్తారు. జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్కలోకి వస్తుంది. 20 ఏళ్ళు పూర్తిచేసి 58కి దిగినవాడికి రెండేళ్ళు ఊరికే కలుపుతారు. 15,000 మీద 22 ఏళ్ళ లెక్కన నెలకు 4,714 రూపాయలు. ఒక్క ఏడాది తగ్గి 19 అయితే ఆ రెండేళ్ళూ పోయి 4,071 మిగులుతుంది. నువ్వు పాత మిల్లు నాలుగేళ్ళూ తీసేసుకుంటే 16 ఏళ్ళకు 3,429.

మరి ఏజెంటు చేతిలో పెట్టేదెంత? నువ్వు మానేనాటికి పీఎఫ్ జీతం 9,000. నాలుగేళ్ళ సర్వీసుకు స్కీము పట్టికలో 4.18 రెట్లు ఉంది, అంటే 37,620. అందులో అతని కమీషను వేరే. దాని కోసం నెలకు 1,285 రూపాయలు బతికున్నంత కాలం వదులుకుంటావా? రెండున్నరేళ్ళ ఆ తేడాతోనే ఆ మొత్తం తీరిపోతుంది. నీ తర్వాత నీ భార్యగా అమ్మాయికి వచ్చేది నీ పెన్షన్‌లో సగం, కాబట్టి కోత ఆమెకూ తగులుతుంది. పెళ్ళికి కావాలంటే పీఎఫ్‌లో అడ్వాన్సు పెట్టుకో, నేనూ చేతనైనంత సర్దుతాను. పెన్షన్ జోలికి మాత్రం పోవద్దు.

ఇక అసలు చిక్కు నీ పేరుది. పాత మిల్లు మెహతాజీ (లెక్కల గుమాస్తా) గుజరాతీ పద్ధతిలో నీ పేరు ముందు, నాన్న పేరు మధ్యలో, ఇంటిపేరు చివర రాశాడు. ఆధార్‌లో మన పద్ధతిలో ఇంటిపేరే ముందుంది, నాన్న పేరు లేనే లేదు. కొత్త మిల్లువాళ్ళు ఆధార్ చూసి ఎక్కించేసరికి రెండూ కలవక నీకు రెండు యూఏఎన్‌లు (పీఎఫ్ నంబర్లు) పుట్టాయి. కంప్యూటరు దృష్టిలో నువ్వు ఇద్దరు మనుషులు! సూరత్‌లో మన పద్మశాలీల ఇళ్ళలో ఈ తిప్పలు పడని ఇల్లు తక్కువ. మందు మాత్రం ఉంది. పాత మిల్లు సంతకంతో జాయింట్ డిక్లరేషన్ పెట్టి పేరు సరిచేయించు. ఆ మిల్లు నువ్వు మానేసిన తేదీ ఎక్కించిందో లేదో చూడు. ఎక్కించకపోతే పోర్టల్‌లో నువ్వే వేసుకోవచ్చు. తర్వాత ఆన్‌లైన్‌లో ఫారం 13తో పాత ఖాతాను కొత్తదానిలోకి మార్పించు. మిల్లు నడుస్తూ, మెహతాజీ బతికుండగానే ఈ పని కావాలి. 57వ ఏట మొదలుపెడితే సంతకం పెట్టేవాడెవడూ దొరకడు.

పాస్‌బుక్ తెరిచి పెన్షన్ గడి కూడా చూడు. నెలకు 1,000 పడుతోందంటే సేఠ్ నీ పీఎఫ్ జీతం 12,000గా చూపిస్తున్నట్టు. పగార్‌లో మిగతాదంతా అలవెన్సుల పేరుతో ఇస్తున్నాడు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులను పీఎఫ్ జీతంలో కలపాల్సిందేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ గడిలో 1,250 పడాలి. 12,000 మీదైతే 22 ఏళ్ళకు 3,771 వస్తుంది, 15,000 మీదకూ దానికీ నెలకు 943 తేడా. లెక్కకు వచ్చేది 2030 తర్వాతి 60 నెలలే కనుక ఇంకా సమయం ఉంది. ఒక్కడివే వెళ్ళి అడగకు, నీతో పనిచేసే నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళు.

దీపావళికి ఊరెళ్ళి చెప్పాపెట్టకుండా రెండు నెలలు ఉండిపోవడం కూడా మానెయ్. చందా పడని రోజులు సర్వీసులోంచి తీసేస్తారు. నీది సరిగ్గా అంచున నిలిచిన 20, లోటు పెరిగితే చేజారుతుంది. 50 దాటాక ముందే పెన్షన్ తీసుకోవచ్చని ఎవరైనా అంటే నమ్ము, అది నిజమే, కానీ ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది. 58 తర్వాత ఒంట్లో ఓపికుండి ఇంకో రెండేళ్ళు ఆగగలిగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది.

ఎంత కూడగట్టినా ఈ పెన్షన్‌కు డీఏ లేదు, ధరలతో పాటు పెరగదు. అందుకే అమ్మాయి సంగతి కూడా చూడాలి. ఇంట్లో కూర్చుని చీరలకు స్టోన్లు అతికించే ఆమెకు పీఎఫ్ ఎక్కడిది? ఆమెకు 39. అటల్ పెన్షన్ యోజనలో 40 నిండకముందే చేరాలి. 39లో చేరితే నెలకు 528 కట్టాలి, 60 తర్వాత నెలకు 2,000 వస్తుంది. వచ్చే ఏడాదికి ఆ తలుపు మూసుకుపోతుంది కనుక ఈ నెలలోనే బ్యాంకుకు తీసుకెళ్ళు.

సిరిసిల్లకు తిరిగి వెళ్ళిపోతే సూరత్ పెన్షన్ ఎలా అందుతుందన్న బెంగ వద్దు. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు.

ఆదివారం ఇంటికి రా. రెండు యూఏఎన్ నంబర్లు, ఆధార్, పాత మిల్లు పగార్ చీటీలు ఎన్ని దొరికితే అన్ని తీసుకురా. సోమవారం నీతో పాటు పాత మిల్లుకు నేనూ వస్తాను, ఆ మెహతాజీ నాకు తెలిసినవాడే.

ఇట్లు
మీ మామయ్య