ప్రాక్టీసులోనే కాపీ ఎందుకు కొడతాం?

 



ఈసారి పాఠానికి చిన్న విషయం తీసుకున్నాం. క్విజ్ పోటీకి తయారయ్యే పిల్లలు ప్రాక్టీసులో ఎందుకు మోసం చేస్తారు? పోటీలో చేశారంటే కప్పు కోసం, సర్టిఫికెట్ కోసం ఆశపడ్డారని అనుకోవచ్చు. ప్రాక్టీసులో ఏం వస్తుంది? కప్పు లేదు, డబ్బు లేదు. అయినా చేస్తారు. అంటే వాళ్లకు కావలసింది ఇంకేదో ఉంది. అదేంటో తెలుసుకుంటే పిల్లల సంగతే కాదు, మన సంగతి కూడా కొంత తెలుస్తుంది.

మా దగ్గర జరిగింది

మాది విజయపురి సౌత్. నాగార్జునకొండకు లాంచీలు ఇక్కడి నుంచీ వెళ్తాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి పేరే మా ఊరికి పెట్టారు. ఆ పాత నగరం ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. అందుకని ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి జరిగే క్విజ్ కోసం పిల్లల్ని తయారు చేసేటప్పుడు బాబాసాహెబ్ జీవితంతో పాటు మన కొండ చరిత్ర కూడా చెబుతుంటాం. 1926లో ఆ శిథిలాలు బయటి లోకానికి తెలియడం, 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేయడం, మునిగిపోయేలోపు 1954 నుంచి 1960 దాకా లోయలో జరిగిన పెద్ద తవ్వకాలు, ఇవన్నీ మాకు ప్రశ్నలే.

ఒక ఏడాది పదకొండు మంది పిల్లలు వచ్చారు. ప్రతి ఆదివారం ప్రాక్టీసు. మార్కులు బోర్డు మీద వేసేవాణ్ణి. ఎక్కువ వచ్చినవాళ్లు ముందు వరస, తక్కువ వచ్చినవాళ్లు వెనక వరస. ఆ మార్కులన్నీ కలిపి మార్చి ఆఖరుకు మొదటి ముగ్గురితో టీమ్ వేస్తానని చెప్పాను. ఇదంతా క్రమశిక్షణ అనుకున్నాను.

వాళ్లలో ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు. సాగర్‌లో చేపల వేటకు పోయే కుటుంబం. జనవరిలో వెనక వరసలో ఉన్నవాడు ఫిబ్రవరికల్లా ముందుకొచ్చాడు. నేను ప్రశ్న సగం చదివేసరికి వాడి జవాబు తయారు. నేను మురిసిపోయాను. "చూడండర్రా, చదివితే వీడిలా చదవాలి" అని మిగతావాళ్లకు చెప్పాను. టీమ్‌లో మూడో పేరు వాడిదే రాశాను.

టీమ్ వేసిన తర్వాతి ఆదివారం సంగతి. ప్రశ్నల కాగితం మీద టీ ఒలికితే పొద్దున్నే మళ్లీ రాశాను. తొందరలో వరస మారింది. పాత కాగితంలో ఏడో ప్రశ్న, మహాచైత్యం కట్టించింది ఎవరని. జవాబు చాంతిసిరి, వీరపురుషదత్తుడి మేనత్త. కొత్త కాగితంలో ఏడోది, చుళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించిన ఉపాసిక ఎవరని. జవాబు బోధిసిరి. నేను "ఏడో ప్రశ్న, చుళధమ్మగిరి మీద..." అనేలోపే వాడు "చాంతిసిరి" అన్నాడు. ఎనిమిదోదానికీ అంతే. తొమ్మిదోదానికి నోరు తెరవలేదు. తలెత్తి నా మొహం చూశాడు. నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసింది.

శనివారం రాత్రి ప్రశ్నల కాగితం ఫొటో తీసి మా కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఆ గ్రూపులో పిల్లాడి మేనమామ ఉన్నాడు. సాయంత్రం ఇంటికి పోతే తల్లి దాచుకోలేదు. "నేనే చూపిచ్చమన్నాను అన్నా. రోజూ వచ్చి ఏడుస్తన్నాడు, వెనక కూచోబెడుతున్నారని. నాకు చదువు రాదు, చెప్పలేను. కాగితం ఉంటే చదువుకుంటాడు గదా" అంది. నాకు మాట రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మార్కుల్లో నాలుగో స్థానంలో ఉన్న ఆడపిల్ల టీమ్ వేసిన రోజు నుంచి ప్రాక్టీసుకు రావట్లేదని. వాళ్లింటికీ పోయాను. తప్పు నాదని చెప్పాను. ఆ అమ్మాయి కోపపడలేదు. "సగం ప్రశ్నకే వాడు చెబుతుంటే నాకు బుర్ర లేదేమో అనుకున్నా సార్" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆశ కాదు, మానం

మనసును పాడు చేసేవాటిలో మానం ఒకటని ధమ్మం చెబుతుంది. మానం అంటే ఒక్క గర్వమే అనుకుంటాం. బౌద్ధంలో దానికి మూడు రూపాలు. నేను ఎక్కువ అనుకోవడం మానమే. నేను సమానం అనుకోవడం మానమే. నేను తక్కువ అని కుంగిపోవడం కూడా మానమే. మూడింటిలోనూ పని ఒకటే, పక్కవాడితో పోల్చి నన్ను నేను కొలుచుకోవడం.

ప్రాక్టీసులో కాపీ కొట్టే పిల్లాడికి ఉన్నది ఈ మూడో రూపం. వాడు కప్పు దొంగిలించడం లేదు, "తెలియదు" అనే మాట నుంచి పారిపోతున్నాడు. ఆ మాట అంటే వెనక వరస. వెనక వరస అంటే అందరి ముందు తక్కువ కావడం. మరి వరసలు వేసింది ఎవరు? నేనే.

మన పిల్లల మీద ఇంకో బరువు కూడా ఉంది. వాళ్లు గెలిస్తే అనుమానంగా చూసేవాళ్లున్నారు. ఓడిపోతే మనిషిని వదిలేసి కులాన్ని అనేవాళ్లున్నారు. ఒక్క తప్పు జవాబుకు ఇంటి పరువు, పేట పరువు అన్నీ పోతాయన్నట్టు మనమే పిల్లలకు నూరిపోస్తాం. ఎనిమిదో తరగతి పిల్లాడి నెత్తిన అంత బరువు పెట్టి, వాడు అడ్డదారి తొక్కాడని తిడితే న్యాయమా?

అలాగని తప్పు తప్పు కాకుండా పోదు. భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే తప్పును సరిచేయగలం. అందుకే ఈ విచారణ.

తెలివి ఉంటే ఈ జబ్బు రాదా? అమెరికాలో కాలేజీ క్విజ్ పోటీలు నడిపే ఒక సంస్థ 2013లో హార్వర్డ్ జట్టు నుంచి నాలుగు జాతీయ టైటిళ్లు వెనక్కి తీసుకుంది. జట్టులో ఒకరు అదే సంస్థకు ప్రశ్నలు రాసేవారు. రాబోయే ప్రశ్నల తాలూకు ముక్కలు కనిపించే పేజీలను పోటీకి ముందే తెరిచి చూసినట్టు కంప్యూటర్ రికార్డుల్లో దొరికింది. ఆటలో వాడుకున్నారని నేరుగా రుజువు లేకపోయినా టైటిళ్లు పోయాయి, కష్టపడి ఆడిన తోటివాళ్లవి కూడా. ప్రపంచంలో పేరున్న యూనివర్సిటీ అది. కాబట్టి ఇది పేదరికం జబ్బు కాదు, తెలివితక్కువ జబ్బూ కాదు.

నష్టం ఎవరికి?

"ప్రాక్టీసే గదా, ఎవరికి నష్టం?" అంటారు. ముగ్గురికి నష్టం.

మొదటి నష్టం కాపీ కొట్టినవాడికే. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు పాఠాలిచ్చి చదివించారు. కొందరిని అదే పాఠం మళ్లీ చదవమన్నారు. కొందరిని కాగితం చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లకు 81 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 75 శాతం. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. చూసి చదివింది అప్పటికప్పుడు వచ్చేసినట్టు ఉంటుంది, తర్వాత జారిపోతుంది. తడుముకుని, తప్పు చెప్పి, దిద్దుకున్నది నిలబడుతుంది. ముందే జవాబు చూసిన పిల్లాడు పోగొట్టుకునేది ఆ తడుముకోవడాన్నే. ప్రాక్టీసు ఉన్నదే దాని కోసం.

రెండో నష్టం పక్కవాళ్లకు. ఆ ఆడపిల్లకు రావలసిన చోటు పోయింది. ఇవ్వనిది తీసుకోవడమే అదిన్నాదానం. వస్తువు తీసుకుంటేనే దొంగతనం కాదు. అంతకన్నా పెద్ద నష్టం, ఆమె దొంగ కొలబద్దతో తనను కొలుచుకుని తనకు బుర్ర లేదనుకుంది.

మూడో నష్టం నేర్పేవాడికి. ఎవరికి ఏది రాదో నాకు తెలియకుండా పోయింది. రోగి జ్వరం దాచిపెడితే వైద్యుడు ఏం చేయగలడు?

రాహులుడి పాఠం

బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చిన్నతనంలోనే అబద్ధం గురించి పాఠం చెప్పాడు. అంబలట్ఠికలో చెప్పిన ఆ ఉపదేశం మజ్ఝిమ నికాయంలో ఉంది. కాళ్లు కడుక్కున్న పాత్రలో అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించాడు. తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివాడి సాధన అంత కొంచెమే అన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు, పాత్ర బోర్లించాడు, మళ్లీ తిప్పి ఖాళీ పాత్ర చూపించాడు. నవ్వులాటకు కూడా అబద్ధమాడకుండా ఉండటం నేర్చుకోమన్నాడు. నవ్వులాటకే వద్దంటే "ప్రాక్టీసే గదా" అనే మాట ఎక్కడ నిలుస్తుంది?

తర్వాత, అద్దం దేనికి అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ఏ పనైనా చేయబోయే ముందు, చేసేటప్పుడు, చేశాక, అది నాకు గానీ ఇతరులకు గానీ కీడు చేస్తుందా అని చూసుకోమన్నాడు. తప్పు జరిగితే గురువుకో తోటి సాధకులకో విప్పి చెప్పి, ముందు ముందు జాగ్రత్తపడమన్నాడు. తండ్రి అక్కడ కొడుకును కొట్టలేదు, వెళ్లగొట్టలేదు. అశోకుడు బైరాట్ శాసనంలో అందరూ తరచూ వినాలని పేర్కొన్న ఏడు ధమ్మ పాఠాల్లో అబద్ధం గురించి రాహులుడికి చెప్పిన ఈ ఉపదేశం ఒకటి. శిక్షణను ఇష్టపడే భిక్షువుల్లో మొదటివాడని తర్వాత రాహులుడికే పేరొచ్చింది.

ఇంకొకటి గమనించండి. పంచశీలలో ప్రతి శీలాన్నీ సిక్ఖాపదం అంటాం. సిక్ఖా అంటే శిక్షణ, అభ్యాసం. "నేను తప్పు చేయనివాణ్ణి" అని మనం చెప్పుకోవడం లేదు, "ఈ అభ్యాసం చేస్తాను" అని తీసుకుంటున్నాం. శీలమే ఒక ప్రాక్టీసు. ప్రాక్టీసులో లేని నిజాయితీ పోటీ రోజు ఊడిపడదు. బాబాసాహెబ్ ప్రజ్ఞ పక్కన శీలాన్ని పెట్టింది ఊరికే కాదు.

మేం మార్చుకున్నవి

ఆ పిల్లాడి పేరు అందరి ముందు బయటపెట్టలేదు. తర్వాతి ఆదివారం ముందు నా తప్పు నేను చెప్పాను. వరసలు తీసేశాను. టీమ్ ఎంపిక వేరే రోజున, ఎవరూ చూడని కొత్త ప్రశ్నలతో పెట్టాం. కాగితం గ్రూపులో పెట్టడం మానేశాం. ప్రాక్టీసులో మార్కులు లేవు. "తెలియదు" అన్నవాళ్లు ఆ ప్రశ్నను తమ నోటుబుక్కులో రాసుకుంటారు. వచ్చే వారం మొదట అడిగేది ఆ ప్రశ్నలే. ఎవరి నోటుబుక్కులో ఎక్కువ ప్రశ్నలుంటే వాళ్లు ఎక్కువ నేర్చుకున్నట్టు లెక్క.

ఆడపిల్ల తిరిగొచ్చింది, ఎంపికలో నెగ్గింది. పిల్లాడు మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కూర్చోమన్నాను. మొదటి ప్రశ్నకు చాలాసేపు ఆలోచించి "తెలియదు సార్" అన్నాడు. నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. ఆ ఏడాది వాడు టీమ్‌లో లేడు. కానీ వాడి చదువు నిజంగా మొదలైంది ఆ రోజే అనుకుంటాను.

కలిసి చర్చించుకోండి

1. మీ ఇంట్లో పిల్లలు "తెలియదు" అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏది?

2. పిల్లల గెలుపు మీకు ఎందుకు కావాలి? వాళ్ల కోసమా, మీ పరువు కోసమా?

3. తెలియని విషయం తెలిసినట్టు మీరు ఈ వారంలో ఎక్కడైనా మాట్లాడారా? మాట్లాడే ముందు, మాట్లాడేటప్పుడు, మాట్లాడాక ఏమనిపించింది?

మూడో ప్రశ్నకు జవాబు ముందు పెద్దవాళ్లు చెప్పాలి. పిల్లలు వింటారు.

భవతు సబ్బ మంగళం.